ఎల్‌వన్ బాబాయ్

ప్రభుత్వ టెండర్లలో అందరికన్నా తక్కువ రేటు వేసినవాణ్ని ఎల్‌వన్ అంటారు. మా వీధి చివరింటి బాబాయ్ ఉద్యోగమంతా ఆ ఎల్‌వన్ చుట్టూనే తిరిగింది. ఆడిట్ శాఖ మరి. ఏ ఆఫీసువాళ్లు బీరువా కొన్నా సరే, ఫైల్లో మూడు కొటేషన్లున్నాయా, కంపారటివ్ స్టేట్‌మెంట్ మీద సంతకాలు పడ్డాయా అని చూడటం ఆయన పని. రిటైరైన రోజున శాలువా కప్పి, దండేసి ఇంటికి పంపారు గానీ ఆ కళ్లజోడు మాత్రం ఎవరూ తీసేసుకోలేదు. ఇలాంటివారు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. వీళ్లకు వస్తువు కొనడం మీద పెద్ద ఆసక్తి ఉండదు. రేటు కనుక్కోవడం మీదే.

ఇన్వర్టరు, వాటర్ ప్యూరిఫయరు, సీసీ కెమెరాలు అన్నీ అయిపోయి బాబాయ్ కాస్త ఖాళీగా ఉన్న రోజుల్లో పిన్ని నోరు జారింది. "ఈ కిటికీలు మార్పించండీ" అంది.

పాపం, ఆవిడ తప్పేమీ లేదు. వనస్థలిపురంలో ఎనభైల్లో కట్టిన ఇల్లది. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి రెక్క పడదు. మోకాలు పెట్టి మూస్తే మళ్లీ దసరా దాకా తెరుచుకోదు. ఎండాకాలం అదే చెక్క ఎండిపోయి, సందుల్లోంచి రోడ్డు మీది దుమ్మంతా దేవుడి గదిలోకొస్తుంది. దోమలకని కొట్టించిన జాలీని కోతులు ఎప్పుడో చించేశాయి. చుట్టుపక్కల ఇళ్లన్నీ తెల్లటి యూపీవీసీ కిటికీలతో మెరిసిపోతుంటే పిన్నికీ అనిపించింది. ఇంకో ఇంట్లోనైతే ఇది నెల రోజుల పని.

బాబాయ్ లీగల్ సైజు కాగితం తీసి, స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టారు. చివరి గడి మీద "రిమార్క్స్" అని రాసుకున్నారు. మిగతా గడులన్నిటికన్నా అదే వెడల్పు.

మొదట వచ్చిన కుర్రాడు బ్యాగులోంచి కిటికీ మూల ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "మల్టీ చాంబర్ ప్రొఫైల్ సార్. జర్మన్ టెక్నాలజీ."

"జర్మనీలో ఎక్కడ బాబూ?"

"అసెంబ్లింగ్ అంతా పటాన్‌చెరులో సార్."

బాబాయ్ రిమార్క్స్‌లో ఏదో రాశారు. ముక్కను తిప్పి చూసి, "ఇది మన బోరు పైపు సరుకేగా?" అన్నారు. కుర్రాడికి ప్రాణం మీదికొచ్చింది. అది నిజమే మరి. యూపీవీసీ అంటే మెత్తబరిచే రసాయనాలు కలపని గట్టి పీవీసీ. నీళ్ల పైపులూ దానితోనే చేస్తారు. ఎండకు పాడవకుండా ఇందులో టైటానియం డయాక్సైడ్ దండిగా పడుతుందని కుర్రాడు సర్దిచెప్పాడు. మాటల్తో లాభం లేదనుకుని లైటర్ తీసి ముక్క కింద వెలిగించాడు. లైటర్ పక్కకు తీయగానే ముక్క మీది మంట ఆరిపోయింది. "చూశారా సార్, అంటుకోదు!"

"మా చెక్క కిటికీలకూ నలభై ఏళ్లుగా నిప్పంటుకోలేదు నాయనా" అన్నారు బాబాయ్.

ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు మీదున్న వెంకటేశ్వరస్వామి అయస్కాంతాన్ని ఊడబీకి తెచ్చారు. ప్రొఫైల్ లోపల బలానికి గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ ఉండాలి. అక్కడ అయస్కాంతం అంటుకోవాలి. దోమల జాలీ 304 గ్రేడు స్టీలైతే దానికి అంటుకోకూడదు. ప్రతి కంపెనీ శాంపిల్‌కూ ఈ రెండు పరీక్షలూ జరిగేవి. ఒక కుర్రాడైతే, స్వామివారు జాలీ మీంచి జారి కిందపడగానే ఆనందం పట్టలేక దండం పెట్టాడు.

ఇక కొలతలు. ఒకరు టేపుతో వచ్చారు, ఒకరు లేజరు మీటరుతో. హాలు కిటికీ వెడల్పు ఒకరికి 1,205 మిల్లీమీటర్లు వచ్చింది, ఇంకొకరికి 1,211, మూడో ఆయనకు 1,198. బాబాయ్ హతాశులయ్యారు. ఉన్నది ఒక గోడ, మూడు కొలతలెలా వస్తాయి? పాత గోడలు నిటారుగా ఉండవని, పైన, మధ్యలో, కింద కొలిచి, అన్నిట్లోకీ చిన్నది పట్టుకోవాలని, ఎదురు మూలల మధ్య కూడా కొలిచి చూడాలని ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. టఫెన్డ్ గ్లాసు ఒకసారి తయారయ్యాక మళ్లీ కోయడానికి వీల్లేదు, కోయబోతే మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది, అందుకే కొలత తప్పితే అద్దం చెత్తకే అనీ చెప్పాడు. బాబాయ్‌కి ఆ పెద్దాయన తెగ నచ్చాడు. రెండోసారి కాఫీ ఇప్పించారు. ఆర్డరు మాత్రం ఇవ్వలేదు.

అసలు కథ కొటేషన్లు చేతికొచ్చాక మొదలైంది. ఒకటి చదరపు అడుగు 700 అంది. ఇంకొకటి 7,500 అంది. "దోపిడీ!" అని బాబాయ్ సోఫాలోంచి లేచారు. తీరా చూస్తే అది చదరపు మీటరు రేటు. 10.764తో భాగించేసరికి 697కి దిగింది. దోపిడీదారు మూడు రూపాయల తేడాతో ఎల్‌వన్ అయ్యాడు. కానీ అందులో రవాణా వేరు. 700 వాడి దాంట్లో రవాణా ఉంది, 18 శాతం జీఎస్టీ లేదు. మూడో వాడు జీఎస్టీ, రవాణా, బిగింపు అన్నీ కలిపి కిటికీకి ఇంత అని రాశాడు గానీ అద్దం మందం రాయలేదు. నాలుగో వాడు బాత్రూం వెంటిలేటరు మూడు చదరపు అడుగులే ఉన్నా మినిమం అని ఐదుకు కట్టాడు. పాత చౌకట్లు ఊడదీయడం ఒకడి లెక్కలో ఉంది. ఊడదీశాక విరిగిన గోడకు సిమెంటు పూయడం ఎవడి లెక్కలోనూ లేదు.

నన్నడిగితే ఇక్కడ బాబాయ్‌ది చాదస్తం కాదంటాను. ఈ వ్యాపారంలో కొటేషన్ రాయడమే పక్కవాడి దాంతో పోల్చడానికి వీల్లేకుండా రాస్తారు. పోల్చగలిగితే బేరం మనది, పోల్చలేకపోతే వాళ్లది. బాబాయ్ ఊరుకునే రకమా? తనే రెండు పేజీల స్పెసిఫికేషన్ తయారుచేసి అందరికీ వాట్సాప్ పెట్టారు. 5 మిల్లీమీటర్ల టఫెన్డ్ గ్లాసు, రెండున్నర ట్రాకు, స్టీలు జాలీ, రేటు చదరపు అడుగుల్లో, పన్నులు విడిగా చూపాలి. అందరూ "ష్యూర్ సార్" అని, బొటనవేలు బొమ్మ పెట్టి, పాత కొటేషన్‌కే కొత్త తేదీ వేసి పంపారు.

రెండున్నర ట్రాకు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. అందులో రెండు అద్దాల రెక్కలు, ఒక జాలీ రెక్క జరుగుతాయి. ఎటు జరిపినా ఒకసారికి సగమే తెరుచుకుంటుంది. "అంటే పదహారు అడుగులకు డబ్బు తీసుకుని ఎనిమిది అడుగుల గాలి ఇస్తారన్నమాట" అన్నారు బాబాయ్. పోనీ మొత్తం తెరుచుకునే రెక్కలు పెట్టించుకుందామంటే అవి బయటికి తెరుచుకుంటాయి, బయటేమో ఇనుప గ్రిల్ ఉంది. గ్రిల్ లోపలికి మార్చాలంటే ఎంతవుతుంది? అక్కడినుంచి వెల్డింగు షాపుల కొటేషన్లు మొదలు.

వారంటీ గొడవ ఇంకా రంజుగా ఉండేది. పదేళ్లు అని గొప్పగా చెప్పినవాణ్ని "మీ కంపెనీ పెట్టి ఎన్నేళ్లయింది?" అని అడిగారు. రెండేళ్లట. "ఇవాళే అడ్వాన్సు ఇస్తే మేనేజర్‌గారితో మాట్లాడి స్పెషల్ రేటు ఇప్పిస్తా" అన్నవాడికి ఇంకా గట్టిగా పడింది. "ఇవాళ ఇవ్వగలిగిన రేటు రేపు ఎందుకివ్వలేవో రాతపూర్వకంగా ఇవ్వు" అన్నారు. వాడు మళ్లీ ఫోనెత్తలేదు.

ఈ తతంగమంతా డబ్బు కోసమే అనుకుంటే పొరపాటు. వచ్చిన ప్రతివాడూ ఆయన్ని "సార్" అంటాడు. బ్యాంకులో ఇప్పుడు "అంకుల్, టోకెన్ తీసుకోండి" అంటున్నారు. ఈ కుర్రాళ్లు మాత్రం చెప్పులు బయట విడిచి, కాగితాలు రెండు చేతులా అందించి, ఆయన చదువుతున్నంతసేపూ నోరెత్తకుండా కూర్చుంటారు. బాబాయ్ కళ్లజోడు పైకి తోసి, "ఈ అంకె ఎలా వచ్చింది?" అనగానే వాళ్ల ముఖాల్లో కనిపించే ఆ కంగారు చూడాలి! ఆ ముచ్చట ఏ పెన్షనూ తీర్చదు.

ఒక్కో కొటేషన్ కింద సన్నక్షరాల్లో "15 రోజులు మాత్రమే చెల్లుబాటు" అని ఉంటుంది. స్టేట్‌మెంట్‌లో ఆఖరి గడి నిండేసరికి మొదటి గడి కాలం చెల్లిపోయేది. మళ్లీ ఫోన్లు, మళ్లీ రివైజ్డ్ కొటేషన్లు. ఫైలుకు ట్యాగు సరిపోక రెండో వాల్యూం తెరిచారు.

పిన్ని చూసీ చూసీ, బాబాయ్ పెన్షనర్ల మీటింగుకు వెళ్లిన రోజున వడ్రంగిని పిలిపించింది. అతను రెక్కలు చిత్రిక పట్టి, మడతబందులు మార్చి, కొత్త జాలీ కొట్టి సాయంత్రానికి వెళ్లిపోయాడు. బాబాయ్ వచ్చి హాలు కిటికీ ఒక్క వేలితో తోశారు. మూసుకుంది. లాగారు. తెరుచుకుంది.

"ఎంతిచ్చావు?"

పిన్ని చెప్పింది.

"ఇంకో ఇద్దర్ని అడిగావా?"

ఆవిడ లోపలికెళ్లి కుక్కరు పెట్టుకుంది. మర్నాడు బాబాయ్ నాతో, "ఇది ఇంటరిమ్ అరేంజ్‌మెంట్ మాత్రమేరా, ఫైలు క్లోజ్ కాలేదు" అన్నారు.

నిజంగానే కాలేదు. మొన్న నేను అక్కడ ఉండగానే ఆ మొదటి కుర్రాడు, జర్మన్ టెక్నాలజీ వాడు, మళ్లీ వచ్చాడు. ఈసారి వేరే కంపెనీ టీషర్టు వేసుకున్నాడు. అదే లైటర్ తీశాడు. బాబాయ్ వాల్యూం వన్ తెరిచి, అతని పాత కాగితమూ కొత్త కాగితమూ పక్కపక్కన పెట్టారు.

"అప్పుడు నువ్వే 700 అన్నావు, ఇప్పుడు నువ్వే 740 అంటున్నావు."

"ఆ కంపెనీ సరుకు అంత మంచిది కాదు సార్."

"జర్మనీది అన్నావుగా?"

"అప్పుడు జర్మనీదే సార్."

బాబాయ్ స్టేట్‌మెంట్‌లో కొత్త గడి గీసుకున్నారు. కుర్రాడు ఆ కాగితం వంక, వరసగా ఉన్న కంపెనీల పేర్ల వంక, ఎర్రసిరాతో గీసిన అంకెల వంక చాలాసేపు చూశాడు. చూసి చూసి గొంతు తగ్గించి, "సార్, ఏమనుకోకండి, దీని జిరాక్స్ ఒకటి ఇస్తారా? మా మేనేజర్‌కి చూపిస్తాను" అన్నాడు.