గూఢచారిని కనిపెట్టుట ఎట్లు?

ఈ మధ్య మన కుర్రాళ్లు కొందరు ఘనకార్యం చేశారు. కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ను కనిపెట్టారు. పోయినేడు వేరే బృందం కనిపెట్టింది. వచ్చే ఏడు ఎవరి వంతో ఇంకా ఖరారు కాలేదు గాని, కనిపెట్టడం మాత్రం ఖాయం. 1966 ఆగస్టులో విడుదలై, ఊళ్లన్నీ తిరిగి, తర్వాత మార్నింగ్ షోల్లో నలిగి, ఆనక టీవీల్లో మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చి, ఇప్పుడు సెల్‌ఫోన్లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్న సినిమా అది. దాన్ని ‘ఎవరికీ తెలియని ఆణిముత్యం’ అని ప్రకటించాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! ఆ ధైర్యం ముందు గూఢచారి చేసిన ఫైటింగులు ఏ మూలకు?

ఈ వార్త బెజవాడ వన్ టౌన్‌లో చెబితే ఎవరూ నవ్వరు, జాలిపడతారు. పంజా సెంటర్లో టీ తాగుతున్న ఏ పెద్దమనిషినైనా పలకరించి, “బాబాయ్ గారూ, గూఢచారి అని ఒక సినిమా ఉంది, మేం కనిపెట్టాం” అని చూడండి. “ఎక్కడ పారేసుకున్నావురా అబ్బాయ్?” అని అడుగుతాడు. అడిగే హక్కు ఆయనకుంది. ఆ సినిమా తీసిన ఇద్దరు నిర్మాతల్లో సుందర్‌లాల్ నహతా ఒకరైతే, రెండోవారు డూండీ, అంటే పోతిన డూండేశ్వరరావు. 1921లో బెజవాడలో మారుతి సినిమా హాలు కట్టించి, ఆంధ్ర ప్రాంతంలో సినిమాకు సొంత గూడు చూపించిన పోతిన శ్రీనివాసరావు గారి అబ్బాయి. హీరోగారిది కృష్ణా నది దాటితే తెనాలి పక్కనున్న బుర్రిపాలెం. నిర్మాత మనూరివాడు, హీరో ఏటికవతలి వాడు, చూసినవాళ్లు మనవాళ్లు. ఇక మరుగున పడింది ఎవరికో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. పెరట్లో బావికి కొబ్బరికాయ కొట్టి, గంగ పుట్టిందని ఊరేగింపు తీసినట్టుంది యవ్వారం.

అయినా ఈ కళకు ఒక పద్ధతి ఉంది. ఔత్సాహికుల సౌకర్యం కోసం ఇక్కడ విన్నవిస్తున్నాను.

మొదటిది, సినిమాను ముందు మరుగున పడెయ్యాలి. దొరికే చోట దొరకదనాలి. ‘ఎన్నో రాత్రులు వెతగ్గా’ అని మొదలెట్టాలి. రెండోది, అందులో పేదరికాన్ని ఏరాలి. రహస్య స్థావరంలో గోడలు అట్టలతో చేశారనీ, కంట్రోలు రూములో దీపాలు పెళ్లి పందిట్లోవనీ గుర్తించి, అక్కడ ఆపి, చుట్టూ ఎర్రగీత గీసి నవ్వాలి. మూడోది, నవ్వడం పూర్తయ్యాక గంభీరంగా మారిపోయి, ‘ఇది తన కాలానికన్నా ముందున్న కల్ట్ క్లాసిక్’ అనాలి. వెక్కిరించినవాడే వీరతాడు వేస్తాడు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఎవరో ఒక తెల్లదొర ఆ సినిమా చూసి మెచ్చుకున్నట్టు సాక్ష్యం సంపాదించాలి. దొర చూసేదాకా మన సినిమా మన కంటికి ఆనదు.

ఇక ‘ఎవరికీ తెలియని’ అనే మాటకొద్దాం. మన 116 గారికి ఫ్రాన్సులో ఒక పెద్దన్న ఉన్నాడు. పేరు ఓఎస్ఎస్ 117. జాన్ బ్రూస్ అనే ఫ్రెంచి రచయిత 1949లోనే అతణ్ణి పుట్టించాడు. ఇయాన్ ఫ్లెమింగ్ గారి జేమ్స్‌బాండ్ 1953లో గాని నవలకెక్కలేదు. ఆ 117 మీద 1965లో వచ్చిన ఫ్రెంచి సినిమానే ఆధారం చేసుకుని మనవాళ్లు 116ను రంగంలోకి దింపారు. ఒక అంకె తగ్గించుకోవడం మనవాళ్ల వినయం. ఆ తర్వాత కృష్ణగారు 1971లో ‘జేమ్స్‌బాండ్ 777’, 1978లో ‘ఏజెంట్ గోపి’, 1981లో ‘రహస్య గూఢచారి’ అయ్యి, 1989లో ‘గూఢచారి 117’ దాకా ఎదిగారు. 116 నుంచి 117కు ప్రమోషన్ రావడానికి ఇరవై మూడేళ్లు! రెవెన్యూ శాఖలో గుమాస్తాలు కూడా ఈ సంగతి చదివి ఊరట పొందవచ్చు.

ఇంతటితో అయిపోలేదు. 1967లో అదే నిర్మాతలు ఈ కథనే ‘ఫర్జ్’ పేరుతో హిందీకి తీసుకెళ్లారు. తెలుగు సినిమాల్లో కెమెరా పనితో, ట్రిక్కు ఫొటోగ్రఫీతో పేరు పడ్డ రవికాంత్ నగాయిచ్ దానికి దర్శకుడు. అక్కడా హీరో నంబరు 116 మాత్రం మారలేదు. జితేంద్ర స్టారయ్యింది ఆ సినిమాతోనే. ఇక్కడ ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అని ఒకరిని, అక్కడ ఇంకొక స్టారును తయారుచేసి పెట్టిన సినిమా అనామకమైతే, ఈ దేశంలో పేరున్న సినిమా ఏదో సెలవియ్యాలి.

తక్కువ ఖర్చు గురించి నవ్వేవాళ్లకు ఒక్క మాట. 1966 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావాలి. దానికి విదేశీ మారకద్రవ్యం కటకట. రీలు వృథా అయితే నిర్మాత గుండె ఆగేది. అట్ట గోడలు ఆ లెక్కల్లోంచి లేచినవి. ఆ గోడల ముందు నిలబడినవాడి సంగతీ చెప్పుకోవాలి. ఆదుర్తి సుబ్బారావు ‘తేనె మనసులు’లో కృష్ణ డూపు లేకుండా స్కూటరు మీంచి కారు మీదికి దూకడం చూసే డూండీ ఆయన్ను గూఢచారిగా తీసుకున్నారని సినిమా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇవాళ హీరోగారు కుర్చీలోంచి లేవాలన్నా వెనక ఆకుపచ్చ తెర కట్టి, మిగతాది కంప్యూటరుకు అప్పజెబుతున్నారు. నవ్వాల్సినవాళ్లెవరో, నవ్వులపాలు కావాల్సినవాళ్లెవరో తారుమారైంది.

అప్పటి ప్రేక్షకుడికి అది అట్ట అని తెలియదనుకోవడం ఇంకో తమాషా. వాడు అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను చదివినవాడు, తర్వాత మధుబాబు షాడోను రోజుకొకటి చొప్పున నమిలినవాడు. పేజీలో ఖర్చు లేకుండా పుట్టిన హాంకాంగులు, విమానాలు, బాంబులు వాడి బుర్రలో ముందే సిద్ధంగా ఉన్నాయి. తెర మీద సైగ చేస్తే చాలు, మిగతాది వాడే కట్టుకునేవాడు. నేల టిక్కెట్టు కొన్నవాడు సగం సెట్టింగు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకునేవాడు.

అసలు కడుపుమంట ఇది కాదు. నిజంగా తప్పిపోయినవి ఉన్నాయి. వాటి జోలికి ఏ పరిశోధకుడూ పోడు. మారుతి హాలు లేచిన ఆ 1921లోనే, మచిలీపట్నం బిడ్డ రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. చూద్దామంటే లేదు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు కూడా మిగల్లేదు. తెలుగువాడు తెర మీద మొట్టమొదట మాట్లాడిన మాట ఇవాళ వినే వీల్లేదన్నమాట. ఏటా అవార్డుల పేరు చెప్పి దండలేసుకునే జాతికి ఇది చిన్న సంగతిగానే కనిపిస్తోంది.

ఎలా పోయాయని అడుగుతారా? నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది. ఆడి ఆడి అరిగిన ప్రింట్లను తూకానికి కొని, కరిగించి వెండి తీసుకునే వ్యాపారం దేశమంతా సాగింది. వెండి తప్పించుకున్నదాన్ని ఉక్కపోత తింటుంది. ఎసిటేట్ ఫిల్మును సరైన చల్లదనంలో ఉంచకపోతే కుళ్లి, డబ్బా మూత తియ్యగానే వెనిగర్ వాసన కొడుతుంది. కృష్ణ ఒడ్డున మే నెల ఎండలు ఎలా ఉంటాయో బెజవాడ వాళ్లకు ఒకరు చెప్పాలా? జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుణెలో 1964లోనే వెలిసింది. అక్కడికి డబ్బా పంపడమెందుకు, గోడౌన్ అద్దె దండగ అనుకున్నవాళ్ల పుణ్యమే మిగతాదంతా.

ఒక్క మినహాయింపు చెప్పుకోకపోతే అన్యాయం. 1971 నాటి ‘మోసగాళ్లకు మోసగాడు’ 2023 మే 31న, కృష్ణ జయంతి రోజున, 4కె మెరుగులు దిద్దుకుని మళ్లీ థియేటర్లకొచ్చింది. సంతోషం. పెద్ద హీరో, పెద్ద బ్యానరు, అభిమానుల టిక్కెట్లు ఉన్నాయి కాబట్టి అది బతికింది. అదే దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ అదే ఏడాది తీసిన ‘జేమ్స్‌బాండ్ 777’ లాంటివాటిని ఎవరు కడిగి, ఎవరు దిద్దుతారు? మసకబారిన వీడియో చూసి, ఆ మసకలోనే ‘కాలపు సౌందర్యం’ ఉందని వ్యాసాలు రాసేవాళ్లున్నారు గాని, ఆ మసక తుడవడానికి బట్ట పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

కాబట్టి పాత సినిమా కనిపెట్టామని ఇకపై ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న వేద్దాం: “నెగెటివ్ ఎక్కడుంది నాయనా?” జవాబు చెప్పినవాణ్ణి నెహ్రూ చౌక్ నుంచి రథం సెంటర్ దాకా మేళతాళాలతో ఊరేగిద్దాం. చెప్పలేనివాడికి టీ ఇప్పించి, “సినిమా చూశావు, బాగుందన్నావు, సంతోషం, ఇంటికెళ్లు” అని పంపిద్దాం. చూసినందుకే బిరుదులిచ్చే ఆచారం మొదలుపెడితే వన్ టౌన్‌లో అరుగుకొక శిలాఫలకం వేయించాలి. దానికి కార్పొరేషన్ దగ్గర నిధుల్లేవు.