“అన్నా, బ్లూటూత్ ఉందా?”

బి.కొత్తకోట నుంచి మదనపల్లెకు బస్సెక్కి చిన్న లాప్‌టాప్ కొనబోయిన కుర్రాడు కొట్లో మొదట అడిగేది ఇదే. ఉంది నాయనా! ఇప్పుడొచ్చే వాటిలో దాదాపు అన్నిటికీ వైఫైతో పాటు ఒకే కార్డులో కలిసే వస్తుంది. లేని పాత సరుకు తగిలినా, కొన్ని వందలు పెడితే గోరంత డాంగిల్ దొరుకుతుంది. కాకపోతే చిన్న లాప్‌టాప్‌కు ఉండేవే రెండో మూడో యూఎస్‌బీ పోర్టులు. ఒకదాంట్లో మౌస్, ఇంకోదాంట్లో డాంగిల్ తిష్ఠ వేస్తే పెన్‌డ్రైవ్‌కు చోటెక్కడ? లోపలే ఉంటే మేలు, కాదనం.

మరి ర్యామ్? 4 జీబీ. బోర్డుకే అతికించేశారా, తర్వాత పెంచుకోవచ్చా? అడగలేదు. స్టోరేజీ 64 జీబీ. విండోస్ 11 కనీసం కావాలనేదే అంత! ఇక సినిమాలెక్కడ పెడతావు, హార్స్‌లీ కొండ మీదా?

టమోటా మార్కెట్లో క్రేటు అడుగు చూడనిదే ధర పలకని సీమ మనది. లాప్‌టాప్ దగ్గర మాత్రం పైనున్న నాలుగు ఎర్రకాయలు చూసి బేరం ముగించేస్తున్నాం.

ముందు ర్యామ్, స్టోరేజీ, బ్యాటరీ అడగండి. బ్లూటూత్ సంగతి బిల్లు రాసేటప్పుడు అడిగినా చాలు.