బాల్డ్ బుల్ దగ్గర మూడు నెలలు

మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో 'ఫన్ జోన్' అని ఓ గది ఉంది. గోడకి గోడంత టీవీ, కూర్చుంటే లేవడానికి ఇంకొకడి చెయ్యి కావాల్సిన బీన్ బ్యాగులు, కిటికీ తెర తీస్తే దుర్గం చెరువు, దాని మీద తీగల వంతెన. అన్నీ ఉన్నాయి, ఆడేవాడే ఉండడు. మొన్న శుక్రవారం సాయంత్రం సీసాలో నీళ్లు పట్టుకుందామని అటు వెళ్తే, మా టీములో కొత్తగా చేరిన నిజామాబాద్ కుర్రాడు తన నింటెండో స్విచ్ తెచ్చి టీవీకి తగిలించి ఆడుతున్నాడు. తెర మీద ఎవరా అని చూస్తే బాల్డ్ బుల్! నున్నటి గుండు, ఎద్దు మెడ. పాతికేళ్ల కిందట నా మధ్యాహ్న భోజనాలన్నీ మింగేసిన మహానుభావుడు.

చూస్తుండగానే వాడు గెంతుకుంటూ వచ్చి ఒక్క గుద్దు గుద్దాడు, మన బుడ్డోడు లిటిల్ మ్యాక్ వెల్లకిలా పడ్డాడు. అబ్బా అని నేను తల పట్టుకున్నాను. కుర్రాడు పట్టుకోలేదు. ఏవో రెండు మీటలు నొక్కాడు. పడ్డ మ్యాక్ లేచాడు, బుల్ వెనక్కి వెనక్కి గెంతుకుంటూ తన మూలకి పోయాడు.

"ఇదేమిటయ్యా?"

"రివైండ్ సార్. తప్పు కొడితే మళ్ల వెనక్కి తిప్పుకోవచ్చు."

నాకు ఒళ్లు మండింది. మా రోజుల్లో బాల్డ్ బుల్ దగ్గర నేను మూడు నెలలు పడి ఉన్నాను. తిప్పుకోవడానికి నాకున్నది తల ఒక్కటే.

1999లో నేను మాదాపూర్‌లో ఉద్యోగానికి చేరేనాటికి సైబర్ టవర్స్ మొదలై ఏడాది కూడా కాలేదు. కోఠిలో 127కె ఎక్కితే, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటాక బస్సులో మిగిలేది మేమూ, కండక్టరూ. రోడ్డుకి రెండు పక్కలా బండరాళ్లు. ఆ రాళ్లు ఇప్పుడేవి? పిండి చేసి అపార్టుమెంట్లలో కలిపేశారు. మా పని వై2కె. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి పట్టుకుని నాలుగంకెలు చేయడం. ఆ పని మీదే న్యూజెర్సీ వెళ్లొచ్చిన మా వాడొకడు అందరికీ చాక్లెట్లు పంచి, నా ఒక్కడి చేతిలో ఫ్లాపీ పెట్టాడు. "ఇంటికెళ్లి చూడు" అన్నాడు. ఇంట్లో కంప్యూటర్ ఉంటేగా! భోజనం గంటలో ఆఫీసులోనే పెట్టాను. మైక్ టైసన్స్ పంచ్-అవుట్ అనే బాక్సింగ్ ఆట, దాన్ని ఆడించే ఎమ్యులేటరూ.

అంతకుముందు నాకు తెలిసిన వీడియో గేములు, ఇంటర్ చదివేటప్పుడు ఆబిడ్స్‌లో కొనిపించుకున్న టీవీ గేము డబ్బాలోవి. 9999 ఆటలని క్యాసెట్ మీద రాసుండేది. తీరా చూస్తే అవే ఇరవై ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. కాంట్రా, మారియో, ట్యాంకులు, డక్ హంట్, వీధిలో ఇద్దరు కొట్టుకుంటే పైనుంచి పూలకుండీ పడే ఓ ఆట. ఈ పంచ్-అవుట్ మాత్రం వాటిలో నాకెప్పుడూ తగల్లేదు. దీని క్యాసెట్‌లో నింటెండో ఎంఎంసీ2 అనే చిప్ వాడింది, ఆ చిప్‌తో ఆ కంపెనీ ఇంకో ఆట చేయలేదు. నకలు కొట్టేవాళ్లకి అందుకే గిట్టుబాటు కాలేదేమో.

ఆట మొత్తం 256 కేబీ. పొద్దున్నే మా బావగారు పంపే శుభోదయం బొమ్మ అంతకంటే బరువుంటుంది. ఇప్పటి ఆటలు వంద జీబీ దించుకోమంటాయి, దించుకున్నాక ఇంకో నలభై జీబీ అప్‌డేట్ అంటాయి, అదీ అయ్యాక కత్తికి రంగు కావాలంటే డబ్బు కట్టమంటాయి. దీంట్లో ఏముంది? ఎడమకి తప్పుకో, కుడికి తప్పుకో, కాచుకో, గుద్దు. అంతే. బ్రాంక్స్ నుంచి వచ్చిన 107 పౌండ్ల పిల్లాడు, వాడి నెత్తి మీద కొండలాంటి మనుషులు. 1984 నాటి ఆర్కేడ్ పంచ్-అవుట్‌లో మన బాక్సర్ పచ్చ తీగలతో అల్లిన బొమ్మలా ఉండి, ఎదుటివాడు అందులోంచి కనిపించేవాడు. ఇంట్లో ఆడే డబ్బాకి అంత శక్తి లేదు. అందుకని గెన్యో టకేడా బృందం 1987లో బాక్సర్‌నే పొట్టివాణ్ణి చేసి కూర్చోబెట్టింది. లేమిలోంచి ఎంత తెలివి పుట్టిందో చూడండి.

ఒక్కొక్కడికీ ఒక్కో గుట్టు. కింగ్ హిప్పో నోరు తెరిచినప్పుడు నోట్లో గుద్దితే నిక్కరు జారుతుంది, దాన్ని పట్టుకుని లాక్కుంటుంటే పొట్ట మీది ప్లాస్టరు కనిపిస్తుంది. అక్కడే కొట్టాలి. ఒకసారి పడ్డాడా, ఇక లేవడు. బొంబాయి నుంచి మనవాడు కూడా ఉన్నాడండోయ్, గ్రేట్ టైగర్. తలపాగాలో మణి తళుక్కుమంటే గుద్దు వస్తున్నట్టు. మాయమై మాయమై అయిదుసార్లు కొడతాడు. అన్నీ కాచుకుని నిలబడితే వాడికే కళ్లు తిరుగుతాయి, ఒక్కటి తగిలిస్తే కింద. మనదేశం వాణ్ణి కొడుతున్నానే అని మొదట్లో నాకు కాస్త బాధేసింది. రెండు వారాలు వాడి చేతిలో తన్నులు తిన్నాక ఆ బాధ పోయింది.

రౌండుకీ రౌండుకీ మధ్య డాక్ లూయిస్ అని మన గురువు వస్తాడు. చావుదెబ్బలు తిని కూర్చుంటే కిటుకు చెప్పాల్సింది పోయి, నింటెండో ఫన్ క్లబ్బులో చేరమంటాడు! తర్వాత పాతికేళ్లలో నాకు దొరికిన మేనేజర్లలో సగంమంది ఆయన శిష్యులే.

ఇక బాల్డ్ బుల్. మూల నుంచి గెంతుకుంటూ వస్తాడు. సరిగ్గా వాడు మీద పడబోయే క్షణంలో కడుపులో గుద్దాలి. రెప్పపాటు ముందైనా, వెనకైనా మనమే నేల మీద. మూడుసార్లు ఓడితే ఆట అయిపోయినట్టే. నేను గెంతులు లెక్కపెట్టేవాణ్ణి, నోటితో తాళం వేసేవాణ్ణి. పక్క సీటు ఆవిడ సంగీతం నేర్చుకుంటున్నారా అని అడిగింది. నా కీబోర్డు మీద జెడ్, ఎక్స్ అక్షరాలు అరిగిపోయాయి. సిస్టమ్ అడ్మిన్ వచ్చి ఆ రెండు మీటల్నీ వేలితో తడిమి, "కోబాల్‌లో జెడ్ ఇంత వాడతారా?" అని అడిగి, నవ్వకుండా వెళ్లిపోయాడు. మూడు నెలలకి బుల్ పడ్డాడు. ఆ రోజు భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లాను.

టైసన్ దాకా వెళ్లానంటే మాత్రం దొడ్డిదారినే. 007-373-5963 కొడితే నేరుగా ఆయన ముందు నిలబెడుతుంది. ఆఫీసు పాస్‌వర్డు తొంభై రోజులకోసారి మార్చి మార్చి, మూడుసార్లు తప్పు కొట్టి హెల్ప్‌డెస్క్‌ని బతిమాలుకునే నాకు ఈ పదంకెలు మాత్రం నిద్రలో లేపినా వస్తాయి. మొదటి తొంభై సెకన్లు ఆయన చెయ్యి తగిలితే చాలు, కింద పడతాం. నేను ఆ తొంభై దాటింది రెండుసార్లు. గెలిచానని ఎక్కడా చెప్పలేదు, చెప్పను.

ఇదంతా ఆ కుర్రాడి ముందు ఏకరువు పెట్టాను. పైగా ఇందులో టైసన్ ఏడయ్యా, ఒప్పందం అయిపోయాక 1990లో మిస్టర్ డ్రీమ్ అని ఎవణ్ణో తెచ్చి పెట్టారు, అదొక ఆటా అన్నాను. ఓపిగ్గా విన్నాడు.

"సార్, మీరు ఎన్నడన్న గ్లౌజులు ఏసుకున్నరా? మా నిజామాబాద్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్. గామెకు ఫ్లాపీ ఎవరిచ్చిండ్రు?"

నేను వినపడనట్టు ఊరుకున్నాను.

"ఫ్లాష్ చూసే కొట్టేటోళ్లా మీరు?" అన్నాడు మళ్లీ.

"ఏ ఫ్లాష్?"

ఆట ఆపి చూపించాడు. జనంలో ఒక కెమెరా. బుల్ దూకేటప్పుడు ఓసారి తళుక్కుమంటుంది. అప్పుడే గుద్దాలి. ఆట చేసినవాళ్లు ఆ కిటుకు అక్కడే పెట్టి, 2009లో గానీ బయటికి చెప్పలేదట. 22 ఏళ్లు! ఈ పిల్లాడు ఏదో వీడియోలో చూశాడు, రెండు నిమిషాల్లో. మూడు నెలలపాటు నా కళ్లెదుటే, పదిహేనంగుళాల మానిటర్ మీద, అది తళుక్కుమంటూనే ఉంది. నేను గెంతులు లెక్కపెడుతున్నాను.

"ఇటివ్వు" అని తీసుకున్నాను. బుల్ వచ్చాడు. నేను జనంలోకి చూస్తున్నాను. తళుక్కుమంది. నొక్కాను. మ్యాక్ వెల్లకిలా పడ్డాడు.

"ఈ టీవీ ఆలస్యమయ్యా. పాత గాజు టీవీల్లో నొక్కడమే తరువాయి, చెయ్యి లేచేది. ఇవి బొమ్మని సింగారించి గానీ బయటికి పంపవు" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే కొత్త టీవీల్లో ఆ తేడా ఉంటుంది.

"అవు సార్" అన్నాడు మర్యాదగా. "వెనక్కి తిప్పమంటరా?"

నేను వరండా వైపు చూశాను. ఆరున్నర క్యాబ్‌కి అందరూ దిగిపోయినట్టున్నారు, హౌస్‌కీపింగ్ అబ్బాయి ఒక్కడే నేల తుడుస్తున్నాడు.

"ముందు ఆ తలుపు వెయ్యి" అన్నాను.