నాలుగు గంటల పద్యం: టీకా, తాత్పర్య, విశేష సహితం

ఆ.వె.
బడిని విడిచి వచ్చి బల్లపై గూర్చుండి
నాకు నిదియు వలదు, నాకు నదియు
వలదు, వేరె వంట వండిపెట్టుము తల్లి
యనుచు నలుగు బిడ్డ కన్న మేది?

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్యానానికి కూర్చునే ముందు ఒక మాట ఇచ్చుకున్నాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ. ఈ వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. మూలం నాలుగే పాదాలు. అందులో లేనిది వంటింట్లో బోలెడుంది. పైగా పద్యం కట్టినవాడూ టీక రాస్తున్నవాడూ ఒకడే కాబట్టి కవి హృదయం గురించి తగాదా వచ్చే అవకాశం లేదు. ఆ ధైర్యంతోనే సాగుతున్నాం.

దేశం: పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను ఒడిలో పెట్టుకుని సముద్రంలోకి దిగే చోటు. దానికి ఉత్తరాన బందరు, ఇంకా పైన గుడివాడ. కాలం: బడి వదిలిన వేళ, సాయంత్రం నాలుగు. నాయకుడు: నాలుగైదేళ్ళవాడు. ఇల్లు శాకాహారుల ఇల్లు. చేపా రొయ్యా చవగ్గా దొరికే ఈ నేల మీద శాకాహారపు తల్లికి ఒక చిక్కుంది. ‘రోజుకో గుడ్డు పెట్టండమ్మా’ అని డాక్టరుగారు చెప్పే సులువైన మందు ఈ పద్యంలో పనిచేయదు.

ప్రతిపదార్థం

బడిని విడిచి వచ్చి = బడి నుంచి, మధ్యాహ్నం పెట్టిన క్యారియరు సగం అలాగే మోసుకొచ్చి; బల్లపై గూర్చుండి = కుర్చీ ఉండగా బల్ల మీదే ఎక్కి; ఇదియు = కంచంలో ఉన్నదీ; అదియు = ఇంకా వంటింట్లోంచి బయటికే రానిదీ; వలదు = వద్దు (నాలుక మీద పెట్టకముందే అని ధ్వని); వేరె వంట = ఈ రెండూ కానిది, పేరు తనకూ తెలియనిది; వండిపెట్టుము = ఇప్పుడే చేసిపెట్టు; తల్లి = అమ్మా (నాన్న పక్కనే ఖాళీగా ఉన్నా సంబోధన మారదు, ఇది ప్రయోగ విశేషం); అనుచున్ = అంటూ; అలుగు = మూతి ముడిచే; బిడ్డకున్ = పిల్లవాడికి; అన్నము = తినదగినది; ఏది = ఏముంది?

తాత్పర్యం

పిల్లవాడికి ఆకలిగా ఉంది. తినడు.

విశేషాలు

1. ‘అలుగు’: అలక ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. మొవ్వ పక్కనే కూచిపూడి ఉంది. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో సత్యభామ అలకను రాత్రి పొడుగునా ఆడించి మెప్పించిన ఊరది. నాలుగేళ్ళవాడి అలకకు అంత నిడివి ఉండదు. ఎవరూ పట్టించుకోకపోతే పది నిమిషాల్లో తెర దిగుతుంది. పట్టించుకుని ‘పోనీ బిస్కెట్ ఇవ్వనా నాన్నా’ అంటే మాత్రం మర్నాటికి రెండో ప్రదర్శన ఖాయం.

2. ‘వలదు’: ఇది మొండితనమని నాయనమ్మలు, గారాబమని మేనత్తలు వ్యాఖ్యానించారు. రెండూ అసంపూర్ణాలే. రెండో ఏటి నుంచి ఆరో ఏటి దాకా కొత్త తిండిని అనుమానంగా చూడటం చాలామంది పిల్లల్లో ఉంటుంది. రంగు మారినా వద్దు, కరివేపాకు కనబడినా వద్దు, చేగోడీ విరిగినా వద్దు. చేగోడీ రుచి విరిగినంత మాత్రాన మారదని తర్కశాస్త్రం చెప్పి లాభం లేదు. ఒక కొత్త రుచి నాలుకకు అలవాటు కావడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుపడాల్సి ఉంటుందని ఈ విషయం పరిశీలించినవాళ్ళ మాట. మనం రెండోసారికే ‘వీడికి ఇది పడదు’ అని తీర్పు రాసి సంతకం పెట్టేస్తాం.

3. ‘ఇదియు... అదియు’: ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగుతాడు, ఎందుకంటే సందర్భం మినుములది.

ఈ డెల్టాలో మినుములు పండే తీరు చూడండి. సార్వా వరి ఇంకా చేలో నిలబడి ఉండగానే, కోతకు కొద్దిరోజుల ముందు, ఆ తడి మీద మినుములు చల్లేస్తారు. వరి కోసి కుప్ప వేసేటప్పటికి కింద మొలకలు ఉంటాయి. దుక్కి లేదు, పైన నీళ్ళు పెట్టేదీ పెద్దగా లేదు. నేలలో మిగిలిన చెమ్మా, చలికాలపు మంచూ చాలు. ఫిబ్రవరి, మార్చి నాటికి పంట ఇంటికొస్తుంది. ఘంటసాలలో వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ళు ఈ అపరాల మీదే పనిచేస్తున్నారు. వంద గ్రాముల మినప్పప్పులో 24 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. గుడ్డు లేదని దిగులుపడ్డ తల్లికి జవాబు ఇంటి వెనక చేలోనే ఉంది.

అయితే పిల్లవాడు మినప్పప్పును ‘ఇది’ అంటాడు, వలదంటాడు. మంచిది. దాన్ని ‘అది’ చేయాలి. పొట్టు మినుములు సన్నసెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, విసిరి, బెల్లం కొట్టి, నెయ్యి పోసి చుడితే సున్నుండ. పెళ్ళివారి లెక్కలో పిండికి సమానంగా బెల్లం పడుతుంది. పిల్లలకు అందులో సగం చాలు, ఉండ కూడా ఉసిరికాయంత చాలు. చిన్న ఉండ పూర్తిగా తింటే వాడికి గెలిచినట్టుంటుంది, పెద్ద ఉండ సగం వదిలితే అమ్మకు ఓడినట్టుంటుంది. తీపి వద్దన్న రోజు అదే మినప్పప్పు నానబెట్టి రుబ్బి, గిన్నెకు తడిగుడ్డ వాసెన కట్టి ఆవిరి మీద ఉడికిస్తే ఆవిరి కుడుము. నూనె చుక్క లేదు. అదీ మెత్తగా ఉందని వంక పెడితే, బియ్యపురవ్వ కలిపి, సొరకాయ తురుము ఎవరూ చూడకుండా అందులో వేసి, మూకుట్లో దిబ్బరొట్టె. వాడు అడుగు మాడిన ఎర్రటి పెచ్చు మాత్రమే గిల్లుకు తింటాడు. తిననివ్వండి. సొరకాయ పెచ్చులో కూడా ఉంది.

గింజ ఒకటే. పిల్లవాడు వద్దన్నది మెత్తదనాన్నో రంగునో, గింజను కాదు. పాత వంటిళ్ళు ఈ సంగతి సిద్ధాంతం కట్టకుండానే పట్టుకుని, రోలూ పెనమూ ఆవిరిగిన్నే మార్చి మార్చి వాడుకున్నాయి.

4. ‘వేరె వంట’: అతిథికి ఏ కాలంలో ఏది పెట్టాలో ఆలోచించడం ఈ నేలకు పరిచయమైన విద్యే. ఘంటసాల పక్కన శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు రాసుకున్నాడు. ఆ ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట వానాకాలం విందు వేరు, చలికాలం వేరు, ఎండాకాలం వేరు. మన అతిథి వయసు నాలుగు, నియమం మాత్రం అదే. ఎండల్లో తాటిముంజలు, పుచ్చకాయ ముక్కలు. చలికాలంలో ఉడికించిన చిలగడదుంప, జామకాయ, తేగలు. తేగ పీచుగా ఉంటుంది కాబట్టి పెద్దగా తినకపోవచ్చు, కానీ దాన్ని నిలువునా చీల్చి లోపలి చందమామను తీసుకునే పని ఇస్తే వాడు అలక సంగతి మరిచిపోతాడు. లంకల్లో పండే అరటిపండు ఏడాది పొడుగునా ఉండనే ఉంది. దాన్ని చక్రాలుగా కోస్తే ఒక తిండి, తొక్క ఒలవకుండా చేతికిస్తే ఇంకో తిండి. ఈ తేడా పెద్దవాళ్ళకు అర్థం కాదు.

5. ‘వండిపెట్టుము’: పద్యంలో బలహీనమైన మాట ఇదే. వండాలని ఎవరు చెప్పారు?

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు పాము చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు. కార్తీక శుద్ధ చవితి, అంటే నాగుల చవితి నాడు, ఈ చుట్టుపక్కల పుట్టల దగ్గర పెట్టే నైవేద్యం ఒకసారి గుర్తు చేసుకోండి. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, అరటిపండు, తేగ, బుర్రగుంజు. చాలా ఇళ్ళలో ఆ నైవేద్యానికి పొయ్యి వెలిగించరు. స్వామి కుమారస్వామి, అంటే బాలుడు. ఒక బాలుడి కోసం పొయ్యి లేకుండా ఇన్ని రకాల చిరుతిండ్లు పూర్వమే సిద్ధమై ఉండగా, ఏడాదిలో ఒక్కరోజు పుట్టలో పెట్టి మిగతా రోజులు మన పిల్లవాడికి ఐదు రూపాయల పొట్లం చించి ఇవ్వడం ఈ వ్యాఖ్యాతకు అన్వయం కావడం లేదు.

వీటిలో వడపప్పు ఉత్తమం. పెసరపప్పు గంటో గంటన్నరో నానితే చాలు. కొబ్బరి తురుము, దోసకాయ ముక్కలు, క్యారెట్ తురుము, ఉప్పు, పైన నిమ్మరసం. నిమ్మరసం రుచికే కాదు. పప్పులో ఉన్న ఇనుమును ఒంటికి పట్టించేది కూడా ఆ పులుపులోని సి విటమినే. చిమ్మిలి తర్వాతిది. పొట్టు తీయని నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు అటూఇటూ కాల్షియం ఉంటుంది. పాలలో అది నూటఇరవై. పాలగ్లాసు చూసి పారిపోయేవాడికి చిమ్మిలి ఉండ ఎందుకు పెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది. చలిమిడి మూడోది, పచ్చిపిండి పొట్టలో బరువు కనుక కొంచెమే. బెల్లం విషయంలో ఒక హెచ్చరిక: బెల్లం కూడా తీపే. ఇనుముందని పేరు చెప్పి దోసిళ్ళతో వేయడం శాస్త్రసమ్మతం కాదు.

ఇంకో హెచ్చరిక నిజంగా హెచ్చరికే. ఐదేళ్ళలోపు పిల్లలకు వేరుశనగ గుళ్ళు గుళ్ళుగానే పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి. దంచి ఉండ చేసి పెట్టాలి. బల్ల మీద పరిగెడుతూ తినేవాడికి అది కూడా కూర్చోబెట్టాకే.

6. బందరు లడ్డు గురించి ఒక్కమాట చెప్పకపోతే బందరువాళ్ళు ఈ టీకను ఒప్పుకోరు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీలు తెచ్చిన విద్య. శనగపిండి పూస వేయించి, దంచి, బెల్లంపాకంలో మళ్ళీ మళ్ళీ తొక్కి, నెయ్యి తాగించి చుడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గోధుమపాలతో చేసే నల్లహల్వా దాని తోబుట్టువు. రెండూ మహాకావ్యాలు. రోజూ నాలుగింటికి మహాకావ్యం చదివించకూడదు. ‘కూర తింటే లడ్డు ఇస్తా’ అనే బేరం అంతకన్నా కూడదు. దానివల్ల లడ్డు బహుమానమూ, కూర శిక్షా అయి కూర్చుంటాయి.

పూర్వపక్షం

‘ఇవన్నీ చెప్పడానికి బాగున్నాయండీ, మావాడు బిస్కెట్ తప్ప ముట్టడు’ అని గుడివాడ పక్షం.

దీనికి సమాధానం సముద్రాల అవతల నుంచి తేవాలి. అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు 1926లో ఒక పరిశీలన మొదలుపెట్టింది. అప్పుడే పాలు మానిన పసివాళ్ళ ముందు 30కి పైగా రకాల తిండి వంతులవారీగా గిన్నెల్లో పెట్టి, ఏది ఎంత తినాలో వాళ్ళకే వదిలేసింది. చెంచా పట్టుకున్న ఆయా కూడా పిల్లవాడు వేలు చూపిస్తేనే కదలాలి. పిల్లలు చిత్రవిచిత్రంగా తిన్నారు, ఒక రోజు ఒక్కటే తిన్నారు, ఇంకో రోజు అది ముట్టలేదు. అయినా పదిహేనుగురూ పుష్టిగా పెరిగారు. పిల్లలకు ఏది మంచిదో వాళ్ళకే తెలుసునని చాలామంది దీన్ని చాటుకున్నారు. డేవిస్ మాత్రం 1939లో అసలు కీలకం ఆ తిండి జాబితాలోనే ఉందని చెప్పేసింది. ఆ గిన్నెల్లో పంచదార లేదు, తీపి బిళ్ళలు లేవు. ఏది ఎంచుకున్నా నష్టం లేని వాటి మధ్యే ఎంచుకోనిచ్చింది.

అంటే ‘వలదు’ అనే అధికారం పిల్లవాడిది, సందేహం లేదు. ‘ఇదియు, అదియు’ ఏమై ఉండాలో నిర్ణయించే అధికారం తల్లిది. మన ఇళ్ళలో ఇది తిరగబడింది. ఏమేం కొనాలో వాడు చెబుతాడు, ఎన్ని ముద్దలు తినాలో మనం లెక్కపెడతాం.

‘రాగిజావ పెట్టబోతే పారబోశాడు’ అని అవనిగడ్డ పక్షం ఇంకో ఆక్షేపణ. నిజమే, డెల్టా నాలుక బియ్యానికి అలవాటుపడ్డది. అయితే 2023 మార్చి నుంచి రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇస్తున్నారు. మధ్యాహ్న భోజన పథకానికి ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, జావ అదే. ఇంట్లో ఒంటరిగా పారబోసేవాడు పక్కవాడు తాగుతుంటే తానూ గ్లాసు పట్టుకుంటాడు. కాబట్టి పక్కింటి పిల్లలను కూడా నాలుగింటికి పిలవండి. ఖర్చు పెరుగుతుంది, వాదన తగ్గుతుంది.

అలంకారాదులు

ఇందులో అలంకారం స్వభావోక్తి. రసం మొదట హాస్యం, ఐదున్నర దాటితే రౌద్రం. ఛందస్సు ఆటవెలది, యతులు సరిపోయాయి.

పాఠాంతరం

నాలుగో పాదంలో ‘బిడ్డ కన్న మేది’ దగ్గర విద్వాంసుల్లో భేదముంది. ‘బిడ్డకు అన్నమేది’ అని అందరి పదవిభాగం. ‘బిడ్డ కన్నము ఏది’ అంటే ‘బిడ్డ వేసిన కన్నం ఎక్కడ?’ అని తాతయ్యల సంప్రదాయం. దీని ప్రకారం నాలుగింటికి సున్నుండ వద్దని అలిగినవాడు, అందరూ టీవీ ముందు కూర్చున్నాక డబ్బా మూత తీసి రెండు తింటాడు. డబ్బాలో ఉండల లెక్క తగ్గడం, చొక్కాకు నెయ్యి అంటడం ఈ పాఠానికి గట్టి ప్రమాణాలు. ఈ వ్యాఖ్యాత రెండో పాఠం వైపే మొగ్గుతున్నాడు. అందువల్ల సున్నుండల డబ్బా, చిమ్మిలి డబ్బా, అరటిపళ్ళ అత్తం వాడి చేతికందే కింది అరలో ఉంచాలి. బిస్కెట్లు ఇంట్లో ఉండక తప్పదనుకుంటే అటక మీద, పాత ఇత్తడి బిందె వెనక పెట్టాలి. మూతలు మరీ బిగించకండి.