వెర్షను సంఖ్యా మాహాత్మ్యము

మన దేశమున మాహాత్మ్యములకు కొదువ లేదు. స్థలమాహాత్మ్యములు, వ్రతమాహాత్మ్యములు, మాసమాహాత్మ్యములు పురాణములనిండ నుండగా, సంఖ్యకు మాత్రము మాహాత్మ్య మేల లేకపోవలెనని కాబోలు, ఆ లోటును మన సాఫ్టువేరు మేనేజర్లు పూరించిరి. జావా ప్రాజెక్టులలో పామ్ ఎక్స్‌ఎంఎల్ అను ఫైలొకటి యుండును. అందు హైబర్నేట్ అను పేరు ప్రక్కన 5.6 అని ఒక అంకె యుండును. ఆ అయిదును ఆరుగా దిద్ది, బిల్డు మొదలుపెట్టి, క్యాంటీనులో టీ త్రాగి వచ్చులోపల, ఏండ్ల తరబడి పేరుకొనిన మాలిన్యమంతయు క్షాళితమై, సాఫ్టువేరు నవయౌవనము దాల్చి నిలుచునని వారి సిద్ధాంతము. “ఒక్క లైను మార్పే కదండీ, ఈ స్ప్రింటులో రెండు పాయింట్లు వేసుకోండి” అనునది ఈ వ్రతమునకు సంకల్పవాక్యము. ఫలశ్రుతి వినిపించు అర్ధరాత్రి వేళ, ఆ వాక్యము పలికినవారి ఫోను స్విచ్చాఫ్ అయి యుండును.

ఈ వ్రతమును సికింద్రాబాదువారు నమ్ముట చూచినప్పుడు నా కాశ్చర్యము రెట్టింపగుచున్నది. ఏలననగా ఈ ఊరు సాఫ్టువేరునకు నిన్న మొన్న వచ్చినది కాదు. హైటెక్ సిటీ యున్న తావున బండరాళ్లు మాత్రమే కాపురముండిన దినములలోనే సరోజినీదేవి రోడ్డున సీఎంసీ అను కంప్యూటరు సంస్థవారి పరిశోధన కేంద్రము నడచుచుండెను. 1987లో సత్యం కంప్యూటర్సు పుట్టినదియు ఇక్కడి పి అండ్ టి కాలనీలోనే. రైల్వే రిజర్వేషను యంత్రాంగమునకు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైల సరసన అయిదవ కేంద్రముగా నిలిచినది సికింద్రాబాదే. పని పడమటికి తరలిపోయినది గాని పనివారిలో అనేకులు ఇక్కడనే మిగిలి, ప్రొద్దున ప్యారడైజు స్టేషనులో మెట్రో ఎక్కి రాయదుర్గమున దిగుచున్నారు. ఆ పెట్టెలలో నిలుచుండి చెవి యొగ్గినవారికి, ఇంటి అద్దెలు, పిల్లల ఫీజుల ప్రసంగముల నడుమ, “రాత్రి ప్రొడక్షన్‌లో మళ్లీ పోయిందిరా” అను నిట్టూర్పు దినమున కొకటియైనను వినబడకపోదు.

హైబర్నేట్ అనగా నేమో యెరుగని అదృష్టవంతులకు రెండు మాటలు. జావాలో ప్రపంచమంతయు ఆబ్జెక్టులు, వాని చుట్టరికములు. డేటాబేసులో ప్రపంచమంతయు పట్టికలు, వరుసలు, గడులు. ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. ఈ రెంటి నడుమ దుబాసీతనము నెరపుటకై, నాటి ఎంటిటీ బీన్లు అను పద్ధతి బాధ పడలేక, ఆస్ట్రేలియా దేశీయుడగు గావిన్ కింగ్ 2001లో ఈ లైబ్రరీకి శ్రీకారము చుట్టెను. 2006లో జావా పర్సిస్టెన్స్ ఏపీఐ అను ప్రమాణము వెలువడినప్పుడు అందు హైబర్నేట్ పోకడలే ప్రస్ఫుటముగా గానవచ్చెను. డేటాను భద్రపరచి తిరిగి తెచ్చుటలో మామూలుగా పడు చాకిరీలో 95 శాతము తప్పించుటయే తన లక్ష్యమని హైబర్నేట్ తన మాన్యువలులో స్వయముగా చెప్పుకొన్నది. మిగిలిన అయిదు శాతమును మనవారు గుండుసున్నగా చదువుకొనిరి. ఎస్‌క్యూఎల్ నేర్వ నక్కరలేదనియు, డేటాబేసులో ఏమి జరుగునో చూడ నక్కరలేదనియు, పైన నాలుగు అనొటేషన్లు తగిలించినచో క్రిందిది క్రిందనే పడియుండుననియు ఒక తరమంతయు నిశ్చింతగా నిద్రించినది. ఆ అయిదు శాతము ఎచ్చటికిని పోలేదు. వడ్డీతో సహా అది ఇంటికి వచ్చు దినమునకే అప్‌గ్రేడ్ అని పేరు.

ఆరవ వెర్షనునకు పోవు బాటసారికి త్రోవలో మొట్టమొదట నెదురగునది నామకరణ మహోత్సవము. 2010లో, జావాను పుట్టించిన సన్ కంపెనీని కొనిన ఓరకిల్ వారు, 2017లో జావా ఎంటర్‌ప్రైజ్ ఎడిషనును ఎక్లిప్స్ ఫౌండేషనునకు ధారపోసిరి. ధారపోసిరి గాని, జావా అను పేరుపై హక్కును మాత్రము కొంగున ముడివేసికొని కూర్చుండిరి. బేరములు పొసగక, జావాక్స్ అను నామముగల ప్యాకేజీలలో ఇకపై ఏ మార్పును చేయరాదని 2019లో తేలినది. అందువలన 2020 చివర వెలువడిన జకార్తా ఈఈ 9లో, లోపలి సరకు ఉన్నదున్నట్లే యుండగా, జావాక్స్ పర్సిస్టెన్స్ వంటివన్నియు జకార్తా పర్సిస్టెన్స్ వంటివిగా పేరు మార్చుకొనినవి. పేరు మార్చుటయే కదా, ఫైండ్ అండ్ రిప్లేస్ కొట్టిన తీరునని చప్పరించు మహనీయులు ఒక్కసారి మన మహాత్మాగాంధీ రోడ్డునకు దయచేయవలెను. జేమ్స్ స్ట్రీటు గాంధీగారి పేర మారి దశాబ్దములు గడచినను, అక్కడి ఎంఎంటీఎస్ స్టేషను నేటికిని జేమ్స్ స్ట్రీటే. రోడ్డు ఒకరిది, స్టేషను రైల్వేవారిది, ఒకరి నామకరణముతో మరియొకరికి పని లేదు. జావాక్స్ ఎస్‌క్యూఎల్ సంగతియు నిట్టిదే. అది జావా భాషతోడనే వచ్చునది, ఎక్లిప్స్ వారి చేతికి రానిది, కనుక నేటికిని జావాక్స్‌గానే యున్నది. ఇది యెరుగక వందల ఫైళ్లలో జావాక్స్‌నెల్ల జకార్తాగా మార్చిన వీరుని ఎదుట, డేటాసోర్స్ అను పేరు గలవా రీ వీధిలో లేరని కంపైలరు నిలుచుండి కేకలు వేయును. హైబర్నేట్‌కు తోడుగా వాడు స్ప్రింగ్ బూట్ అను చట్రము 3వ వెర్షను వచ్చినది 2022 నవంబరులో. అది జావా 17 లేనిదే కదలదు, జకార్తా పేర్లు లేనిదే పలుకదు. మన యుపయోగములో నున్న ఇతర లైబ్రరీలు పాత పేర్లనే పట్టుకొని వ్రేలాడుచున్నచో వానిని గూడ మార్చవలెను. ఒక్క లైను ఈపాటికి ఊరంత యగును.

ఐనను కంపైలరు కేక దయగల కేక; అది పట్టపగలే, ఆఫీసువేళలలోనే వినబడును. కేకలేయని తప్పులు వేరు. ఒకదానిని దగ్గరగా చూతము. కస్టమర్ల పట్టిక, ఇన్వాయిసుల పట్టిక, చెల్లింపుల పట్టిక అని మూడు కలవనుకొనుడు, అడుగున మైఎస్‌క్యూఎల్. వరుస సంఖ్యల బాధ్యతను ప్రోగ్రామరు “ఆటో” అను ఒక్క మాటతో హైబర్నేట్‌కు వదలినాడు. అయిదవ వెర్షనులో ఈ మూటికిని హైబర్నేట్ సీక్వెన్స్ అను ఒకే పట్టిక నుండి సంఖ్యలు పంచబడుచుండెను: 1 కస్టమరునకు, 2 ఇన్వాయిసునకు, 3 చెల్లింపునకు, 4 మరల కస్టమరునకు. కనుక ఏ పట్టికను విడిగా చూచినను సంఖ్యల నడుమ ఖాళీలే. ఆరవ వెర్షనులో పద్ధతి మారినది: ఏ ఎంటిటీకి ఆ ఎంటిటీ సీక్వెన్సే, దాని పేరు చివర సీక్ అను తోకతో, సంఖ్యలను ఒకమారునకు 50 చొప్పున తెచ్చుకొనుట దానికి మామూలు. వెర్షను మార్చి మొదటి ఇన్వాయిసు వేయబోగానే, ఇన్వాయిస్ సీక్ అను పట్టిక లేదని మొర. అప్పుడు టీములోని మేధావి యొకడు, “డీడీఎల్ ఆటోలో అప్‌డేట్ పెట్టెయ్యరా, అదే క్రియేట్ చేసుకుంటుంది” అనును.

అది క్రియేట్ చేయును. 1 నుండి ప్రారంభించును. మొదటి ఇన్వాయిసునకు 1 వచ్చును. పూర్వము 1 కస్టమరునకు పోయినది గనుక ఇన్వాయిసుల పట్టికలో ఆ చోటు ఖాళీయే. క్రొత్త ఇన్వాయిసు పోయి సుఖాసీనమగును. రెండవదానికి 2 వచ్చును. అచ్చట పాత ఇన్వాయిసు ఏండ్లుగా కాపురమున్నది. డూప్లికేట్ ఎంట్రీ యని డేటాబేసు గెంటివేయును. మూడవది కూర్చుండును, నాలుగవది కూర్చుండును, అయిదవది గెంటివేయబడును. ఎల్లప్పుడును తప్పు తప్పును పట్టుకొనుట సులభము. మూడుమార్లలో రెండుమార్లు ఒప్పగు తప్పును పట్టుకొనుట బ్రహ్మతరము గాదు. సపోర్టువారికి ఫోను పోవును. వారు ప్రశాంతముగా, “ఇంకోసారి ట్రై చేయండి సార్, వెళ్తుంది” అందురు. నిజముగనే వెళ్లును! సమస్య పరిష్కృతమైనదని టికెట్టు మూసివేయబడును. కొన్నాళ్లకు అకౌంట్సు విభాగపు పెద్దమనిషి యొకరు, క్రొత్త ఇన్వాయిసులు పైన రావలసిన తెరపై అవి కానరాక, వెదకి వెదకి, జాబితా అట్టడుగున సంస్థాపన కాలము నాటి బిల్లుల నడుమ నిన్నటి బిల్లును కనుగొని, ఇది కంప్యూటరా, కాలయంత్రమా యని విస్తుపోవుదురు. ఆ తెర వరుస సంఖ్యను బట్టియే కదా తీర్చబడినది! వరుస సంఖ్యల ఈ మార్పు సంగతి హైబర్నేట్ వారి మైగ్రేషన్ గైడులో వ్రాసియే యున్నది; పాత పేర్లకు మరలుటకు సెట్టింగును గూడ చూపిరి, పేర్లు మరలినను 50 అను అడుగును వేరుగ సరిచూచుకొనవలెను. అయినను గైడును చదువుటకు రెండు పాయింట్ల అంచనాలో తావెక్కడిది?

“మరి టెస్టులన్నీ పాసయ్యాయి కదా?” అని ఇక్కడ నొక ప్రశ్న లేచును. పాసైనవి. పాసు గాకేమి చేయును? ప్రొడక్షన్‌లో మైఎస్‌క్యూఎల్, టెస్టులలో హెచ్2 అను మెమరీ డేటాబేసు. అదియును క్రియేట్ డ్రాప్ అను వ్యవస్థలో, టెస్టు మొదలగునప్పుడు పుట్టి, ముగియగానే గిట్టునది. ప్రతి దినమును పురిటిలోనే యుండు డేటాబేసులో ఏండ్లనాటి ఇన్వాయిసు ఎచ్చటనుండి వచ్చును, వచ్చి 2 అను చోటున ఎట్లు కూర్చుండును? తెరపై పచ్చని గీతలను జూచి పరవశించి రిలీజు నోటుపై సంతకము చేసినవారు, తాము దేనిని పరీక్షింపలేదో దానిని గూర్చియే ధ్రువీకరణము నిచ్చిరి.

హైబర్నేట్‌లో డేటాబేసు ప్రశ్నలను కూర్చు పాత క్రైటీరియా పద్ధతి కథ మరియొక వినోదము. అది త్వరలో పోవునని 2016లో 5.2 వెర్షనుతోనే చెప్పిరి, ప్రోగ్రామరు దానిని వాడినప్పుడెల్ల ఎడిటరు దాని పేరుపై అడ్డగీత గీచి చూపినది, 2022లో 6.0 వచ్చినప్పుడు నిజముగనే తీసివేసిరి. ఆరేండ్ల నోటీసు అద్దెయింటివారికి గూడ ఎవరు నీయరు. ఐనను “చెప్పా పెట్టకుండా తీసేశారు” అని మనవారి ఆక్రోశము.

లైబ్రరీవారు మాత్రము పరమహంసలని నే ననను. ఇన్వాయిసును దాని పద్దులతో కలిపి జాయిన్ ఫెచ్ చేసి తెచ్చినచో, పద్దులు మూడున్న ఇన్వాయిసు పాత వెర్షనులో జాబితాయందు మూడుమార్లు కనబడుచుండెను. ఆరవ వెర్షను ఆ పునరుక్తిని తానే తొలగించును. మంచి పనియే. కాని జాబితా పొడవునే పద్దుల లెక్కగా చేసికొని ఏండ్ల తరబడి నెలసరి రిపోర్టు పంపుచున్న ప్రబుద్ధు డొకడు ప్రతి కంపెనీలోను ఉండును. వాని తప్పు లెక్క ఇన్నాళ్లు ఒప్పుగా చలామణియై, లైబ్రరీ తన తప్పును దిద్దుకొనిన దినముననే బయటపడును. అప్పుడు నింద ఎవరిపై పడునో చెప్ప నక్కరలేదు.

ఇంతమాత్రమున, “పనిచేస్తున్నదాన్ని కెలకొద్దు” అని అయిదవ వెర్షనుపైననే మఠము వేసికొని కూర్చుండిన వైరాగ్యపరులను నేను సమర్థించుచున్నానని తలపవలదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను లైబ్రరీలో భద్రతకు బొక్క బయటపడినప్పుడు, తమ సర్వర్లలో ఏ లైబ్రరీ ఏ వెర్షనులో నున్నదో తెలియక ప్రపంచమెల్ల రాత్రింబవళ్లు తడవికొన్నది. ఆ తడవికొన్నవారిలో ఈ వైరాగ్యపరులే ముందు వరుస. స్ప్రింగ్ బూట్ 2.7కు ఉచిత సపోర్టు 2023 నవంబరుతో ముగిసినది. పోక తప్పదు. పోవలెను. పోవుట కెంత కాలము పట్టునో నిజము చెప్పి పోవలెనని మాత్రమే నా వాదము. ప్రొడక్షన్ డేటా ప్రతిని ఒకదానిని ముందుంచుకొని, పాత వెర్షను వ్రాసిన ఎస్‌క్యూఎల్‌ను క్రొత్త వెర్షను వ్రాసినదానిని ప్రక్కప్రక్కన బెట్టి, ఏ వరుస యెందుకు మారినదో చదువగలవా డొకడు కావలెను. ఇన్నాళ్లు ఎవరిని అక్కరలేదని ఇంటికి పంపితిరో ఆ డేటాబేసు తెలిసినవాడే వాడు. అంచనా వేసినవారిని గూడ ఆ రాత్రి వాని ప్రక్కనే కుర్చీ వేసి కూర్చుండబెట్టవలెనని నా ప్రతిపాదన. నిద్ర వచ్చినచో లాగులు గట్టిగా చదివి వినిపింపవచ్చును.

ఆ డేటాబేసు తెలిసినవానిని వెదకుటకు ఇంటర్వ్యూలు జరుగకపోలేదు. అమీర్‌పేట శిక్షణాలయములలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ప్రింగ్, హైబర్నేట్ అను నాలుగు మెట్లను ఎక్కివచ్చిన పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, ఆ ఇంటర్వ్యూలలో తరతరములుగా అడుగబడుచున్న ప్రశ్న యొకటి కలదు: “గెట్‌కి, లోడ్‌కి తేడా ఏంటి?” లోడ్ ఆరవ వెర్షనులోనే వాడరానిదాయెను, 2025లో వెలువడిన ఏడవ వెర్షనులో సేవ్, అప్‌డేట్ పద్ధతులతో కూడ దానిని తీసివేసిరి. ఎవతెయో యొక అమ్మాయి ధైర్యము చేసి, “సార్, ఏడులో లోడ్ లేదండీ, గెట్ రిఫరెన్స్ వాడాలి” అని చెప్పినదనుకొనుడు. అడిగినవాని చేతిలోని కాగితముపై ఆ జవాబు లేదు, వారి సాఫ్టువేరింకను అయిదవ వెర్షనులోనే యున్నది, కనుక ఆ అమ్మాయికి రెండవ రౌండు లేదు.