మేనమామగారి సూదిమందు

మా మేనమామగారికి ఇన్సులిన్ మొదలుపెట్టిన నాడే, ఆ పెట్టెలోని కాగితమును, అందలి అక్షరములు చీమతలకాయలకంటె చిన్నవైనను, భూతద్దముతో ఆద్యంతము పారాయణము చేసి, అది మొదలు ఇంట ఏ ఉపద్రవము సంభవించినను ఆ మందు నెత్తిననే రుద్దుట వ్రతముగా పట్టిరి. మడమలు బీటలు వారినను ఇన్సులినే. అల్లుడు ఫోను చేయకున్నను ఇన్సులినే. ఒళ్లు పెరిగినప్పుడు మాత్రము ఆ నింద కొంత న్యాయమే, ఆ మందువలన బరువు పెరుగుట కద్దు; కాని అర్ధరాత్రి జంతికల డబ్బా మూత చప్పుడు మా అత్తయ్య విననిది కాదు.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏండ్ల కుర్రవానికి తొలిసారి ఈ మందు పొడిచినచోట గడ్డ లేచినదను ముక్కను పదిమందికిని చెప్పి, పండ్రెండు దినములకు శుద్ధిచేసిన మందుతో వాడు తేరుకొన్న ముక్కను మ్రింగివేసెడివారు.

ఇక చక్కెర పడిపోవుట! కాగితములోని దోషములన్నింటిలో దీనిమీద వారికి అపారమైన మక్కువ. పెండ్లిపంక్తిలో బందరులడ్డు మూడు విస్తళ్ల దూరమున కనబడగానే చేతులు వణకును. "ఒరేయ్ అబ్బాయ్, లో అయిపోతున్నానురా!" యంత్రము 210 చూపినచో, "దానికేం తెలుసురా, బ్యాటరీ మీద బతికేది!"

కాగితమున నిజముగా చదువదగిన వాక్యమును మాత్రము ఆయన చదివియు తలకెక్కించుకొనలేదు. నొప్పి తెలియదని ఏండ్ల తరబడి బొడ్డుకు ఎడమప్రక్కనే పొడుచుకొనగా అచట కొవ్వుగడ్డ కట్టినది. అందులోనికి పోయిన మందు సరిగా ఒంటబట్టదనియు, చోటు మార్చుమనియు, మార్చినప్పుడు మోతాదు తగ్గించుమనియు డాక్టరుగారు చెప్పగా, మామయ్య చోటు మార్చిరి. మోతాదు మాట డాక్టరుగారి బల్లమీదనే మరచివచ్చిరి.

ఆ వారమే ఒక మధ్యాహ్నము చొక్కా తడిసి ముద్దయి, మాట తడబడుచున్న మనిషికి అత్తయ్య లడ్డు చూపగా, "నాకేం కాలేదు, తీసుకుపో!" అని కసరిరి. లడ్డు వద్దన్న క్షణముననే ఆమెకు నిజమని తెలిసిపోయినది. యంత్రము 52. నేతిలడ్డు నెమ్మదిగా పనిచేయునని పక్కకు త్రోసి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించినది, పావుగంటకు 94.

మాట స్తిమితపడగానే మామయ్య అడిగినది ఒక్కటే: "ఆ లడ్డూ ఏదే?"

నేను బదులు చెప్పజాలనైతిని; నోరు నిండియున్నది. నాకును మధుమేహము వచ్చి ఈ సంక్రాంతికి నాలుగేండ్లు.