బాణీ లేని పుస్తకాన్ని

నన్ను ముందు పెట్టుకుని ఎంత చక్కగా వాయించినా, అది ఏ పాటో మీరు పోల్చుకోలేరు. నాలో ఉన్నవన్నీ క్రిస్మస్ పాటలే, జనానికి నోటికొచ్చిన పాటలే. కానీ వాటి బాణీ నాలో ఎక్కడా ఉండదు. రెండు మూడు స్వరాల మధ్య అటూ ఇటూ తిరుగుతాను. ఒక్కోసారి ఒకే స్వరం పట్టుకుని వరస సగం దాటేదాకా కదలను. ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లోని ఒక బొగ్గుగని ఊరి బ్రాస్ బ్యాండ్ పుస్తకాన్ని నేను. అట్ట మీద ‘సెకండ్ హార్న్’ అని ఉంటుంది.

ఆ దేశపు బ్రాస్ బ్యాండ్‌లో ఇత్తడి వాయిద్యాలు పాతిక దాకా ఉంటాయి. పైన కార్నెట్లు బాణీ అందుకుంటాయి. అడుగున బాస్‌లు బరువు మోస్తాయి. నడుమ మూడు టెనార్ హార్న్‌లు: సోలో, ఫస్ట్, సెకండ్. 1840లలో పారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ తయారుచేసిన వాయిద్యాల కుటుంబంలోవి ఇవి. పైస్వరానికీ అడుగుస్వరానికీ మధ్య ఖాళీ లేకుండా చూడటం వీటి పని. సన్నాయి మేళంలో శ్రుతి పట్టే మనిషిని చూసే ఉంటారు. పెళ్ళివారి చూపు ఆయన మీద ఎంత పడుతుందో నా మీదా అంతే. కాకపోతే ఆయన స్వరం కదలదు, నాది బాణీ వెంట కదులుతూనే ఉండాలి. చాలాచోట్ల ఆ వరస ఉల్లాసంగా వినిపించాలా, దిగులుగా వినిపించాలా అని తేల్చే స్వరం నాదే. అర మెట్టు దించితే చాలు, పండగ పాట కాస్తా ఏడుపు పాట అవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అచ్చయ్యాను. వాయిద్యానికి బిగించే చిన్న క్లిప్పులో నిలబడాలి గనుక అరచేతికి కాస్త పెద్ద సైజు, అడ్డంగా పిన్నులతో కుట్టిన పుటలు. నన్ను రాసినాయన వీధిని ఎరిగిన మనిషి. చర్చి కోయిర్ పాడే శ్రుతుల్లో కొన్ని ఇత్తడి వాయిద్యాలకు ఒప్పవు. పైగా బాణీ మరీ ఎత్తున ఉంటే దారిన పోయేవాళ్ళు గొంతు కలపలేరు. అందుకని పాటలను కాస్త దించి రాశాడు. డిసెంబరు రాత్రి ఎందరు వస్తారో ఎవరికి తెలుసు? ఎనిమిది మందే వచ్చినా పాట బోలుగా వినిపించకూడదని పాటలోని నాలుగు స్వర వరసలకూ మనుషులు దొరికేలా సర్దాడు.

వీధిలో ఇత్తడి మోగించడం వెనక పాత కథ ఒకటి ఉంది. 1878లో సాలిస్‌బరీ అనే ఊళ్ళో, మీరు రక్షణ సైన్యం అని పిలిచే సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు వీధిలో బోధిస్తుంటే అల్లరిమూకలు మీద పడేవి. చార్లెస్ ఫ్రై అనే మేస్త్రీ తన ముగ్గురు కొడుకులతో వాళ్ళకు కాపలాగా వచ్చి, కూడా తమ ఇత్తడి వాయిద్యాలు తెచ్చాడు. ఆ సంస్థ బ్యాండ్లన్నీ ఆ నలుగురి తర్వాతివే. క్రిస్మస్‌కి వీధి మూలల్లో ఇత్తడి మోత ఆ దేశంలో అంతగా అలవాటు కావడంలో వాళ్ళ పాలు పెద్దది.

మా ఊళ్ళో నన్ను చాలాకాలం వాయించినది ఒక గని కార్మికుడు. వేళ్ళ చివర్లు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకునేవాడు. గాలికి పుటలు ఎగరకుండా బట్టలకు పెట్టే చెక్క క్లిప్పు పెట్టేవాడు. చలి ఎక్కువైతే వాయిద్యంలోని గాలి చల్లబడి శ్రుతి దిగిపోతుంది. అందుకని పాటకీ పాటకీ మధ్య నోటి ఆవిరి గొట్టంలోకి మెల్లగా ఊదుతూ వెచ్చబెట్టేవాడు. లోపల చేరిన నీళ్ళు వదిలేటప్పుడు నా మీద పడకుండా పక్కకు తిరిగేవాడు. ఆ శ్రద్ధ నేను మరిచిపోలేను. విన్నవాళ్ళు డబ్బాల్లో వేసే చిల్లర బ్యాండ్‌కి ఏడాది పొడుగునా మరమ్మతులకు, యూనిఫారాలకు అక్కరకొచ్చేది. 1984 డిసెంబరులో మాత్రం గని సమ్మెలో ఉంది. ఆ ఏడు పోగైనదంతా సమ్మె కుటుంబాల వంటశాలకు వెళ్ళింది. ‘దూత పాట పాడుడీ’ అని మీరు పాడుకునే పాట ఉన్న పుట అంచున ఆయన పెన్సిలుతో ‘1984’ అని రాసుకున్నాడు. అది ఇంకా చెరగలేదు.

ఆ పాట దగ్గర నాకు గర్వం ఎక్కువ. మాటలు చార్లెస్ వెస్లీవి, 1739 నాటివి. బాణీ మాత్రం ఆ మాటల కోసం పుట్టలేదు. గుటెన్‌బర్గ్ అచ్చుయంత్రానికి 400 ఏళ్ళు నిండాయని 1840లో లైప్‌జిగ్‌లో జరిగిన ఉత్సవానికి సంగీతకర్త మెండెల్సన్ మగవాళ్ళ గొంతులకూ ఇత్తడి వాయిద్యాలకూ కట్టిన బాణీ అది. దైవగీతానికి అది పనికిరాదని ఆయనే అన్నాడు. 1855లో విలియం కమింగ్స్ అనే ఆయన దాన్ని వెస్లీ మాటలకు అతికించాడు. నేను అచ్చుపుస్తకాన్ని, నన్ను వాయించేది ఇత్తడి. అచ్చును మెచ్చుకోవడానికి ఇత్తడి కోసం కట్టిన బాణీకి నడిమి స్వరం మోస్తున్నాను. ఇంతకన్నా నాకేం కావాలి?

నడిమి స్వరాలంటే ఏమిటో తెలియాలంటే మరో పాట వినాలి. ‘ఓ సద్భక్తులారా’ చివరి చరణానికి డేవిడ్ విల్‌కాక్స్ అనే సంగీతకారుడు కొత్త హార్మనీ రాశాడు. అది 1961లో ‘క్యారల్స్ ఫర్ క్వయర్స్’ పుస్తకంలో అచ్చయింది, నాలో లేదు. జనం పాడే బాణీలో ఒక్క స్వరం మారలేదు. కానీ ఒకచోట కిందివన్నీ ఉన్నట్టుండి నల్లబడి, మరుక్షణం తెరిపిన పడతాయి. అక్కడ గుడి నిండా ఉన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. జలదరింపు తెచ్చింది బాణీ కాదు, దాని కింద ఉన్నవాళ్ళు.

గని మూతపడింది. నన్ను వాయించిన ఆయన పోయాడు. బ్యాండ్‌లో మనుషులు తగ్గితే మొదట ఖాళీ అయ్యే కుర్చీల్లో సెకండ్ హార్న్‌ది ఒకటి. కొన్నేళ్ళు అక్కడ అప్పుడే నేర్చుకుంటున్న పిల్లల్ని కూర్చోబెట్టారు. నేను సులువని వాళ్ళకు చెప్పి ఇచ్చేవారు. ఆ మాట నాకు గుచ్చుకునేది. ఎవరి ఊతా లేకుండా పక్కవాడికి భిన్నమైన స్వరం పట్టి నిలబడటం సులువేమీ కాదు. ఒక అమ్మాయి మాత్రం శ్రద్ధగా, పైవాళ్ళ బాణీ వింటూ వాయించేది. ఆమె చదువుకు వేరే ఊరు వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చినవాడు నన్ను కారు డిక్కీలో పడేశాడు. డిసెంబరు దాటి వేసవి వచ్చినా తీయలేదు. తడి గొడుగు కింద నలిగాను, పిన్నులు తుప్పుపట్టి పుటల మీద గోధుమరంగు మరకలు పాకాయి. మళ్ళీ పండగ వచ్చేసరికి నేను పోయాననుకుని, ఫస్ట్ హార్న్ పుస్తకాన్ని ఫోనులో ఫొటో తీసుకుని అదే వాయించాడు. అంటే రెండు హార్న్‌లు ఒకే స్వరం, నా స్వరానికి ఎవరూ లేరు. వీధిలో ఎవరూ ఏమీ అనలేదట. బాణీ ఉంది కదా, పాట ఉన్నట్టే అనుకున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

కారు అమ్మేటప్పుడు డిక్కీ ఖాళీ చేసి అట్టపెట్టెతో సహా పాత సామాన్ల దుకాణానికి ఇచ్చేశారు. అక్కడ పియానో నేర్చుకునే పిల్లవాడొకడు క్రిస్మస్ పాటలని చూసి సంబరంగా నన్ను తెరిచి, ఒక వేలితో మొదటి వరస మీటి చూశాడు. మళ్ళీ మీటాడు. తప్పుగా అచ్చేశారని వాళ్ళమ్మతో చెప్పి పెట్టెలో పెట్టేశాడు. ఆ పిల్లవాడిది ఏ తప్పూ లేదు. మిగతా పుస్తకాలు మోగుతుంటేనే నేను పాటను.

ఆ మిగతావి బ్యాండ్ గదిలో అలమారలో వరసగా ఉన్నాయి. నా చోటు ఒక్కటే ఖాళీ. నా అట్ట లోపలివైపు బ్యాండ్ పేరు ముద్ర, కింద ఊరి పేరు, సెట్ నంబరు స్పష్టంగా ఉన్నాయి. కొనేవాళ్ళెవరైనా ఆ పుట తిప్పి చూడండి. ఒక కవరు, ఒక స్టాంపు చాలు. డిసెంబరుకు ముందే పంపండి.